చింతపండుతో తోమిన చక్రవర్తులు

చక్రవర్తి ముఖంలో ముందు పోయేవి కళ్ళు. తర్వాత చెవి మీది జుట్టు, ఆ తర్వాత తల చుట్టూ ఉన్న అక్షరాలు. మెడ మాత్రం చివరిదాకా నిలుస్తుంది. రోమన్ చక్రవర్తులందరికీ మెడలు దిట్టంగా చెక్కేవాళ్ళు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్ వంటింట్లో, స్టీలు పళ్ళెంలో తళతళలాడుతున్న నా కంచు నాణేలను ఒక్కొక్కటే తిప్పి చూసి తెలుసుకున్నాను. ఎనభైల మొదట్లో, మార్చి నెలలో ఒక శుక్రవారం నాటి సంగతి. వాటిని తోమింది మా అత్తగారు. చింతపండుతో.

నవ్వొస్తే నవ్వండి. అప్పుడు అందరూ నవ్వారు.

నేను ఇండియాలో చరిత్రలో ఎం.ఏ. చేశాను. చదువుకునే రోజుల్లో ఒకసారి మమ్మల్ని మ్యూజియానికి తీసుకెళ్ళారు. మన కోస్తాలో పొలం దున్నుతుంటే బయటపడ్డ రోమన్ నాణేలు అక్కడ అద్దాల వెనక ఉన్నాయి. అద్దం మీద ఊపిరి పడకూడదని మా లెక్చరర్ ఆడపిల్లలందర్నీ మూరెడు దూరంలో నిలబెట్టాడు. మగపిల్లల ఊపిరి మాటేమిటని అడుగుదామనుకుని అడగలేదు. డెబ్బైల చివర్లో పెళ్ళయి అమెరికా వచ్చాను. మా ఆయన ఫోన్లు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరు. మా వాళ్ళ పార్టీల్లో మగవాళ్ళంతా డాక్టర్లూ ఇంజినీర్లే, ఆడవాళ్ళలోనూ డాక్టర్లుండేవారు. మీరేం చదివారని నన్నడిగితే హిస్టరీ అనేదాన్ని. నాకేదో పెద్ద ఆపరేషన్ అయిందని విన్నట్టు అడిగినావిడ ముఖంలో జాలి కనపడేది. ఆ తర్వాత మాట సేల్లో దొరికిన దుప్పట్ల మీదికి మళ్ళేది.

నాకు దొరికిన ఉద్యోగం మా ఊరి లైబ్రరీ వెనకగదిలో కొత్త పుస్తకాలకి నంబరు కాగితాలు అంటించడం. ఆ లైబ్రరీ బేస్‌మెంట్‌లో నెలకోసారి సాయంత్రం పూట పాత నాణేలు పోగుచేసేవాళ్ళ క్లబ్బు కూడేది. ఒకరోజు పని అయ్యాక కిందికి దిగాను. అందరూ మగవాళ్ళే, అందరూ తెల్లవాళ్ళే, చాలామంది రిటైరైనవాళ్ళు. గుమ్మంలో నన్ను చూసి ఒకాయన ఇంకో నాలుగు కుర్చీలు కావాలన్నాడు. లైబ్రరీ పనిమనిషిననుకున్నాడు. కుర్చీలు తెచ్చి వేశాను. వేసి, వాటిలో ఒకదాని మీద నేను కూర్చున్నాను.

ఆ క్లబ్బుకి పెద్ద ఒక ముసలాయన. ఏదో హైస్కూల్లో లాటిన్ చెప్పి రిటైరయ్యాడు, చేతులు కొంచెం వణికేవి. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఆయన ఒక చుట్టల పెట్టెలో అరిగిపోయిన రోమన్ కంచు నాణేలు తెచ్చేవాడు. మట్టి కొట్టుకుపోయి, గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉన్నవి. సినిమా టికెట్టు కన్నా చవకగా ఇచ్చేవాడు. ఆ పెట్టెలో చెయ్యి పెట్టి ఒకటి తీశాను. వేలి గోరుకన్నా కాస్త పెద్దది. ఒకవైపు కిరణాల కిరీటం పెట్టుకున్న చక్రవర్తి. రెండోవైపు సూర్యదేవుడు, కుడిచెయ్యి ఎత్తి, ఎడమచేతిలో భూగోళం పట్టుకుని నిలబడ్డాడు. ఊపిరి తగలకూడదన్న వస్తువు నా అరచేతిలో ఉంది, దాని మట్టి నా గోళ్ళలోకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. పెళ్ళప్పుడు కూడా నాకు రాలేదు.

అప్పట్నుంచి వదల్లేదు. ఆ నాణేలను బాగుచేయడానికి ఒక పద్ధతి ఉంది, ముసలాయన నేర్పాడు. మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టిన శుద్ధమైన నీళ్ళలో నానబెట్టాలి. తర్వాత ఆలివ్ నూనెలో నెలల తరబడి ఊరబెట్టాలి. మట్టి మెత్తబడ్డాక భూతద్దం కింద పెట్టుకుని, పళ్ళు కుట్టుకునే పుల్లతో రవ్వరవ్వగా తియ్యాలి. మట్టి మాత్రమే పోవాలి. దాని కింద ఆకుపచ్చగానో నల్లగానో మెరిసే పొర ఉంటుంది, మనం చిలుమంటామే అది, దాన్ని మాత్రం ముట్టుకోకూడదు. వందల ఏళ్ళకి లోహం మారి చిలుమవుతుంది. చక్రవర్తి కళ్ళు, దేవుడి వేళ్ళు అన్నీ ఆ చిలుములోనే ఉంటాయి. అది గీరితే కింద మిగిలేది ఉత్త కంచు బిళ్ళ. మన ఇళ్ళలో ఇత్తడి సామాను మీద చిలుము కనిపిస్తే ఆ ఇల్లాలి పరువు పోతుంది. వీళ్ళ దగ్గర చిలుము పోతే నాణెం పరువు పోతుంది.

ఆ క్లబ్బు ఏటా మే నెలలో మాల్‌లో ఒక ఎగ్జిబిషన్ పెట్టేది. ఎంపిక చేసిన సభ్యుడికి తాళంతో సహా ఒక అద్దాల పెట్టె ఇచ్చేవాళ్ళు, పైన అతని పేరు. రెండేళ్ళు కుర్చీలు వేశాక, కాఫీలు కలిపాక, మూడో ఏడు నాకు పెట్టె ఇస్తామన్నారు. నా దగ్గర బాగుచేసినవి డజను నాణేలు తయారయ్యాయి. ముందువైపు రాజు, వెనకవైపు దేవుడు. దేవుణ్ణి వెనకేసుకున్న రాజుని ఎవడు ఎదిరిస్తాడు? పిడుగు చేతపట్టిన జూపిటర్ నుంచి సూర్యుడి దాకా, ఏ రాజు ఏ దేవుడి చాటున దాక్కున్నాడో చూపించడం నా ఆలోచన. హిస్టరీ చదివిన మనిషికి అమెరికాలో ఒక అద్దాల పెట్టె దొరికింది. దాని మీద నా పేరు ఉంటుంది. ఆ చలికాలమంతా నేను బతికింది దానికోసమే.

మా ఆయన వాటిని రోమ్ వాళ్ళ చిల్లర అనేవారు. చెడ్డమనిషి కాదు. ఏనాడూ వద్దనలేదు, అరవలేదు. నవ్వేవారు. అరిచేవాణ్ణి ఎదిరించవచ్చు గాని, నవ్వేవాణ్ణి ఎదిరిస్తే మనమే గయ్యాళులమవుతాం.

ఆ నవంబరులో మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు, ఆరు నెలలుండడానికి. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ గొంతు చాలా మెత్తన. నన్ను అమ్మాయ్ అనేవారు, ఒక్కసారి కూడా నేరుగా తప్పుపట్టలేదు. చెప్పదలచుకున్నది కుక్కరుతోనో కిటికీతోనో చెప్పేవారు. ఎంత మంచి అత్తగారు దొరికారండీ మీకు అని మా వాళ్ళందరూ మురిసిపోయేవారు. మురిసిపోయినవాళ్ళెవరూ ఆవిడతో ఒక చలికాలం గడపలేదు.

పొద్దున్న ఇద్దరం పనులకి వెళ్ళిపోయేవాళ్ళం. బయట మంచు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, డ్రైవింగ్ రాదు, పలకరించడానికి గోడ అవతల మనిషి లేదు. సాయంత్రం నేను వచ్చి వంట చేసి, తిని, గిన్నెలు కడిగి, హాల్లో మూలనున్న నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. దీపం, భూతద్దం, పుల్ల. ఆవిడ ఎదురుగా సోఫాలో కూర్చుని టీవీ చూసేవారు. అందులో నవ్వులు వినపడితే తనూ నవ్వేవారు. మధ్యలో మా ఊళ్ళో ఒకావిడ ఉండేదమ్మాయ్ అని మొదలుపెట్టేవారు. ఊఁ అనేదాన్ని. ఇంకాసేపటికి మళ్ళీ ఊఁ. తల ఎత్తితే పుల్ల జారుతుంది, జారితే సూర్యుడి చెయ్యి విరుగుతుంది. అది పని. ఇప్పటికీ నేను దాన్ని పనే అంటాను.

ఒకసారి కిటికీ దగ్గర నూనె సీసాలు చూసి, ఇవేమిటమ్మాయ్, ఊరగాయలా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మాత్రం లేచి, ఒక నాణెం తుడిచి, భూతద్దం ఆవిడ చేతికిచ్చి చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. సూర్యనారాయణమూర్తికి ఇంత చిలుమేమిటమ్మా అన్నారు. చిలుము తియ్యకూడదని, తీస్తే నాణెమే పోతుందని, వీటినే మేలో మాల్‌లో పెడుతున్నానని తెలుగులో, అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పాను. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత ఆవిడకి తెలియదు పాపం అని అందరూ అన్నారు.

ఆ శుక్రవారం ఇంట్లోకి అడుగుపెట్టగానే కర్పూరం వాసన, దానితోబాటు పచ్చి చింతపండు వాసన. నెలకి సరిపోతుందని షికాగోలో మనవాళ్ళ దుకాణాలుండే డెవాన్ వీధి నుంచి తెచ్చిన చింతపండు అచ్చు మొత్తం సింకులో పిప్పిగా పడి ఉంది. పక్కన ఉప్పు డబ్బా, గిన్నెలు తోమే పీచు. దేవుడి అలమర ముందు స్టీలు పళ్ళెంలో నా డజను నాణేలు నిన్న బ్యాంకు నుంచి తెచ్చినట్టు మెరుస్తున్నాయి. ఒక్కొక్కదానికీ పసుపు, కుంకుమ. కొన్ని దేవుడి వైపు, కొన్ని రాజు వైపు తిరిగి ఉన్నాయి, ఆవిడ ఏ తేడా చూపలేదు. మనుషుల్ని సింహాలకి వేసి చోద్యం చూసిన వంశం వాడు కూడా మా ఇంట్లో బొట్టు పెట్టుకుని హారతి అందుకున్నాడు. సూర్యుడి చెయ్యి లేదు. జూపిటర్ చేతిలో పిడుగు లేదు. ఎవరికీ కళ్ళు లేవు.

"నీ ఎగ్జిబిషన్‌కి అంత నల్లగా పెడితే బాగుండదని తోమానమ్మాయ్" అన్నారు.

వాటిని ఎవరు ముట్టుకోమన్నారని అడిగాను. గొంతు పెంచే అడిగాను. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మా ఆయన వచ్చేసరికి తల్లి భోజనం చెయ్యలేదు, నేను నేల మీద కూర్చుని తడిగుడ్డతో చక్రవర్తుల కుంకుమ తుడుస్తున్నాను. ఆయన ముందు గదిలోకి వెళ్ళారు, తర్వాత నా దగ్గరికి వచ్చారు. అమ్మకి చదువు లేదు, నీకుంది కదా, ఒక్క సారీ చెప్పెయ్ అన్నారు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు. వెళ్ళి గుమ్మంలో నిలబడి, పొరపాటయింది అత్తయ్యగారూ, అన్నం తినండి అన్నాను. నా పిడికిట్లో ఒక నాణెం ఉంది. ఆవిడ లేచి వచ్చి తిన్నారు. నాకు ఆకలి లేదని ఎవరూ గమనించలేదు.

మర్నాడు అరోరాలో ఒక డాక్టరుగారింట్లో పార్టీ. మా ఆయన ఈ కథ చెప్పారు. ఆయన కథ బాగా చెబుతారు. రెండు వేల ఏళ్ళుగా రోమ్ వాళ్ళకి వదలని మురికి మా అమ్మ అరగంటలో వదిలించింది అనేసరికి హాలంతా నవ్వింది. రోమ్ సామ్రాజ్యం ఎందుకు కూలిపోయిందో ఇప్పుడు తెలిసింది, వాళ్ళకి చింతపండు లేదు అన్నాడొకాయన. ఇంకొకాయన పళ్ళెం పట్టుకుని, ఈ పూట పులిహోర ఉందా, లేక చింతపండంతా రోముకే పోయిందా అని అడిగాడు. మంగళవారం మా ఇంటికి రండి ఆంటీ, మా దీపపు కుందులన్నీ మీకోసం ఎదురుచూస్తున్నాయి అందొకావిడ. మా అత్తగారు మధ్యలో కూర్చుని, పోనిద్దురూ అన్నట్టు సిగ్గుపడుతూ నవ్వుతున్నారు. వచ్చి నాలుగు నెలలయింది, ఆవిడ చుట్టూ అంతమంది చేరడం అదే మొదలు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు. లోపల మాత్రం ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరి డిగ్రీ కాగితం మీద వేడినీళ్ళు పొయ్యాలని ఉంది.

క్లబ్బుకి నాణేలు తీసుకెళ్ళాను. ముసలాయన ఒకటి అరచేతిలో పెట్టుకుని దీపం కిందికి వెళ్ళి చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. మా అత్తగారన్నాను. మిగతావాళ్ళు కూడా వచ్చి చూశారు. ఒకాయన, మొదటిరోజు నాతో కుర్చీలు తెప్పించినాయనే, మీ దేశంలో ఇలాగే చేస్తారా అన్నాడు. గంధకం పొగ పెడితే మళ్ళీ నల్లబడతాయని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. చేతులు కాలాక ఆకులు. ముసలాయన నాణేన్ని నా ముందు బల్ల మీద పెట్టి, అమ్మా, ఇవి ఇక నాణేలు కావు, బొత్తాలు అన్నాడు. నా పెట్టె ఆ నెలలోనే మరొకరికి ఇచ్చేశారు.

ఏప్రిల్లో ఆయనే లైబ్రరీకి వచ్చి నన్ను వెతుక్కున్నాడు. ఏటా ఎగ్జిబిషన్‌కి పిల్లలు చాలామంది వస్తారు, నాణేలను తోమకూడదని వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు, కళ్ళారా చూస్తే ఎక్కుతుంది. అందుకని మీవి ఒక పెట్టెలో పెట్టి, ఇలా చెయ్యకండి అని అట్ట మీద రాసి పెడదామనుకుంటున్నాం, ఇస్తారా అన్నాడు. పైన పేరు ఉండదు, మీరు నొచ్చుకోకూడదని అన్నాడు. నాకు మేలు చేస్తున్నానని నిజంగానే అనుకుంటున్నాడాయన. పుండు మీద కారం చల్లి, ఇది మందమ్మా అన్నట్టుంది.

ఇస్తానన్నాను. అట్ట మీద మాటలు నేనే రాస్తానన్నాను. పేరు లేకపోయినా నా నాణేలు ఆ హాల్లో ఉంటాయి, అదొక కారణం. రెండోది ఇంకా సూటిది. ఆ మాటలు మా అత్తగారికి నా నోటితో చదివి వినిపించాలి, అందరి మధ్య, ఆవిడ కొడుకు పక్కన ఉండగా. పార్టీలో ఆవిడ నవ్విన నవ్వు నా కడుపులో అలాగే ఉంది. వారం రోజులు ఆ నాలుగు వాక్యాలు దిద్దాను, టైపు కొట్టాను. ఇంట్లో మాత్రం నా పెట్టె తయారైంది, ఆదివారం రండి అని మాత్రమే చెప్పాను. మా ఆయన కెమెరాలో కొత్త ఫిల్ము వేయించారు.

ఆ ఆదివారం మాల్ కిటకిటలాడుతోంది. ఫౌంటెన్ పక్కన వరసగా అద్దాల పెట్టెలు, ఎదురుగా బూట్ల దుకాణం, ఎక్కడినుంచో పాప్‌కార్న్ వాసన. మా అత్తగారు ధర్మవరం పట్టుచీర కట్టుకుని, పైన మా ఆయన పాత కోటు తొడుక్కుని వచ్చారు. అన్ని పెట్టెల్లో నాణేలూ నల్లగా, పచ్చగా, మట్టిరంగులో ఉన్నాయి. ఒక్క దాంట్లోనే దీపాల వెలుగు పడి మెరుస్తున్నాయి. పిల్లలంతా దాని చుట్టూనే మూగారు. ఆవిడ దూరం నుంచే గుర్తుపట్టారు. నడక జోరైంది. చూశావా నాన్నా, అందరూ మనవే చూస్తున్నారు అన్నారు కొడుకుతో.

మా ఆయన ఆవిణ్ణి పెట్టె పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. ఇంకొకటి తీద్దామని దగ్గరికి జరిగినప్పుడు అట్ట మీద చూపు పడింది. చదివారు. ఆయన మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసిన మొదటిసారి అదే. ఇంటికెళదాం పద అన్నారు నాతో, మెల్లగా.

"ఆ కాగితం మీద ఏం రాశారమ్మాయ్?" అని అత్తగారు అడిగారు.

బాగున్నాయని రాశారమ్మా అని ఆయన అనబోతుంటే నేను అడ్డుపడ్డాను. అట్ట మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటకీ తెలుగు చెప్పాను. ఈ నాణేలు దాదాపు రెండు వేల ఏళ్ళు భూమిలో భద్రంగా ఉన్నాయి. ఒక్క పూటలో ఒక మనిషి వీటిని తోమి పాడుచేసింది. వీటి మీద దేవుళ్ళెవరో, రాజులెవరో ఇక ఎవరూ చెప్పలేరు. పిల్లలూ, మీరెప్పుడూ ఇలా చెయ్యకండి. చదవడం అయ్యాక, ఆ మనిషి మీరే అత్తయ్యగారూ అని కూడా అన్నాను. అది అట్ట మీద లేదు.

నాకు హాయిగా ఉంది. దాచడమెందుకు, చాలా హాయిగా ఉంది. ఆవిడ ఏడుస్తారని ఎదురుచూశాను.

ఆవిడ ఏడవలేదు. కోటు గుండీ ఒకటి పెట్టుకుని, ఎప్పటి మెత్తని గొంతుతోనే మాట్లాడారు.

"తెలుసమ్మాయ్. చిలుము తీస్తే పోతాయని నువ్వే చెప్పావుగా. మా ఇంట్లో లక్ష్మీదేవికి ముక్కు లేదు, మా అత్తగారు తోమీ తోమీ పోగొట్టింది. తోమితే ఏం పోతుందో నాకింకోళ్ళు చెప్పాలా?"

మా ఆయన అమ్మా అన్నారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

మరెందుకు తోమారని అడిగాను. ఈసారి నా గొంతు పైకి లేవలేదు.

"ఇన్ని నెలలైంది, ఒక్క పూట నా మొహం చూసి మాట్లాడలేదు నువ్వు. పొద్దస్తమానం ఆ అద్దంలోంచి వాళ్ళ మొహాలే చూసేదానివి. మొదటిది తోమగానే కళ్ళు పోయాయి, చూశాను. చూసే రెండోది తీసుకున్నాను. అవి లేకపోతే ఇటు తిరుగుతావేమో అనుకున్నానమ్మా."

చుట్టూ పిల్లలు అద్దం మీద వేళ్ళు పెట్టి బొత్తాలు, బొత్తాలు అని అరుస్తున్నారు. వాళ్ళకి ఎవరో ఆ మాట చెప్పినట్టున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడ తెలియక చేసిందన్న అనుమానం ఎక్కడో ఉండేది, అది నా చేతిని కాస్త పట్టి ఉంచేది. ఇప్పుడు అది కూడా లేదు. నా రెండేళ్ళ కళ్ళని ఒక చింతపండు అచ్చుతో గీకేసి, దానికి బదులుగా తన మొహం చూడమంటోంది.

"ఇప్పుడూ చూడను అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ తల ఊపారు. మా ఆయన కెమెరా మెడలోంచి తీసి సంచిలో పెట్టుకున్నారు. ముగ్గురం కారెక్కాం. ఆవిడ వెనక కూర్చున్నారు. ఆవిడ టికెట్టు ఇంకా మూడు వారాల తర్వాతికి ఉంటే, మర్నాడు నేనే ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేసి ముందుకి జరిపించాను. ఆయన వద్దనలేదు. చింతపండు కథ ఆయన మళ్ళీ ఏ పార్టీలోనూ చెప్పలేదు. ఎవరైనా అడిగితే పని ఉందని లేచిపోయేవారు.

తర్వాతి ఏడు క్లబ్బు వాళ్ళు నాకు పెట్టె ఇచ్చారు, పైన నా పేరుతో. వేరే నాణేలు, మంచి చిలుముతో. వాటి దగ్గర పెద్దగా ఎవరూ ఆగలేదు. పక్కనే పిల్లల పెట్టెలో పాతవి మెరుస్తున్నాయి, మూగేవాళ్ళంతా అక్కడే మూగారు. వాటిని వెనక్కి ఇమ్మని నేను అడగలేదు. ముసలాయన పోయాక అవి ఎవరి దగ్గరికి చేరాయో తెలియదు.

మా అత్తగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. అమెరికా మళ్ళీ రాలేదు. ఇండియా వెళ్ళినప్పుడల్లా మేం ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. కోడలు చెయ్యవలసినవన్నీ చేశాను. చీరలు పెట్టాను, మందులు పట్టుకెళ్ళాను, గుమ్మంలోనే వంగి కాళ్ళకి దండం పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, నేను లేచేదాకా కదలకుండా నిలబడేవారు. నేను లేస్తూనే పక్కకి తిరిగి సామాను అందుకునేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు. ఎంత వినయమైన కోడలో అనేవారు.

ఆవిడ పోయాక పెద్దకర్మకి ఫోటో కావలసి వచ్చింది. మాల్‌లో తీసిన ఫిల్మును ఆయన ఎన్నడూ కడిగించలేదు. పాత పాస్‌పోర్టు ఫోటో ఒకటి దొరికితే స్టూడియోలో పెద్దది చేయించి, దిద్దించి తెచ్చారు. కనుబొమలు వాడు కొత్తగా గీశాడు, పెదవులు కూడా. ఆయన దాన్ని కుర్చీ మీద నిలబెట్టి, దూరంగా జరిగి చూసి, మళ్ళీ దగ్గరికి వచ్చి చూసి, నాకు కళ్ళు చెమ్మగిల్లి సరిగ్గా కనపడ్డం లేదు, నువ్వు చెప్పు, అమ్మలాగే ఉందా అని నన్నడిగారు.

చాలాసేపు చూశాను. చెప్పలేకపోయాను. ఆవిడ కాళ్ళ ఫోటో అయితే చెప్పగలిగేదాన్ని. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి ఉండేది. మెట్టెలు తీసేసి అన్నేళ్ళయినా, ఆ వేళ్ళ చుట్టూ తెల్లటి గీత అలాగే ఉండేది.